పీహెచ్‌క్యూ-9 తెలుగు ప్రశ్నావళి: కోనసీమ లంకల్లో రెండేళ్ళు వాడాక

ఒక్క పేజీలో ఇమిడిపోయే తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి రెండేళ్ళుగా మా చేతుల్లో నలుగుతోంది. దాని పేరు పీహెచ్‌క్యూ-9. మనిషిలో కుంగుబాటు లక్షణాలు ఉన్నాయా, ఉంటే ఏ మేరకు ఉన్నాయి అన్నది అంచనా వేయడానికి ఎన్నో దేశాల్లో ఆసుపత్రులవారూ పరిశోధకులూ వాడే ప్రశ్నావళి ఇది. అమలాపురం దగ్గర ఒక నర్సింగ్ కళాశాలలో నేను సామాజిక ఆరోగ్యం పాఠం చెబుతాను. విద్యార్థినులను వెంటబెట్టుకుని గోదావరి గౌతమి, వైనతేయ పాయల మధ్య ఊళ్ళలోనూ, రేవు దాటి వెళ్ళవలసిన ఏటి దీవులైన లంకల్లోనూ ఇంటింటికీ తిరిగి ఈ ప్రశ్నలు అడిగించాను. చాలాసార్లు నేనే అరుగు మీద కూర్చుని అడిగాను. బీపీ మిషను గురించో గ్లూకోమీటరు గురించో కొన్నవాళ్ళు నాలుగు మాటలు రాస్తారు, కొనబోయేవాళ్ళు చదువుకుంటారు. మనసును కొలిచే సాధనం గురించి తెలుగులో అలా రాసినవారు నాకు ఎక్కడా తగల్లేదు. వాడబోయే నర్సులకూ, ఏఎన్ఎమ్‌లకూ, ప్రాజెక్టు చేసే విద్యార్థులకూ పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ఒక విషయం ముందే చెప్పాలి. మేము మొదలుపెట్టినప్పుడు మా చేతికి వచ్చినది ఫోటోకాపీకి ఫోటోకాపీ తీయగా తీయగా అక్షరాలు అలుక్కుపోయిన తెలుగు ప్రతి. ఎవరు అనువదించారు, ఎప్పుడు, ఎవరిని అడిగి సరిచూశారు అన్నది దాని మీద ఎక్కడా లేదు. ఇంటర్నెట్‌లో మరికొన్ని తెలుగు ప్రతులు ఉన్నాయి కనుక, అనువాదంలోని మాటల గురించి నేను చెప్పే లోపాలు మా ప్రతికి సంబంధించినవేనని చదువరులు గమనించాలి. ప్రశ్నావళి నిర్మాణం గురించి చెప్పేవి మాత్రం ఏ ప్రతికైనా వర్తిస్తాయి.

దీన్ని రూపొందించినవారు రాబర్ట్ స్పిట్జర్, జానెట్ విలియమ్స్, కర్ట్ క్రోన్కే, వారి సహచరులు. ఫైజర్ కంపెనీ ఆర్థిక సహాయం చేసింది. 2001లో దీని పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. అమెరికాలో 8 ప్రాథమిక వైద్య కేంద్రాలకూ 7 స్త్రీల వైద్య కేంద్రాలకూ వచ్చిన 6,000 మంది చేత ఈ కాగితం నింపించారు. వారిలో 580 మందితో మానసిక ఆరోగ్య నిపుణులు విడిగా మాట్లాడి, కాగితం చెప్పినదీ తాము తేల్చినదీ ఏ మేరకు కలుస్తున్నాయో చూశారు. కుంగుబాటు నిర్ధారణకు మనోవైద్యులు పాటించే తొమ్మిది లక్షణాలే ఇందులో తొమ్మిది ప్రశ్నలయ్యాయి. గడిచిన రెండు వారాల్లో ఆ ఇబ్బంది అసలు లేదంటే 0, కొన్ని రోజులు ఉందంటే 1, సగానికి పైగా రోజులు అంటే 2, దాదాపు ప్రతి రోజూ అంటే 3. మొత్తం 0 నుంచి 27 వరకు వస్తుంది. 5, 10, 15, 20 అన్నవి తీవ్రత పెరిగే మెట్లు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఆ మనిషితో వైద్యులు మాట్లాడవలసిన అవసరం ఉందని భావిస్తారు.

ఈ సాధనంలో నాకు మొదట నచ్చిన గుణం దీనికి డబ్బు కట్టనక్కరలేకపోవడం. అచ్చు వేసుకోవడానికీ, అనువదించుకోవడానికీ, పంచిపెట్టడానికీ ఎవరి అనుమతీ అక్కరలేదని తయారుచేసినవారే ప్రకటించారు. కుంగుబాటునే కొలిచే, 1961 నుంచి పేరున్న బెక్ ప్రశ్నావళి లాంటివి ప్రచురణకర్తల దగ్గర కొనుక్కోవాలి. కాగితానికింత అని లెక్క కట్టవలసి వస్తే మా వంటి చిన్న కళాశాల ఒక ఊరు కూడా పూర్తిచేయలేదు. రెండో గుణం దీని పొట్టితనం. పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చిన ఇల్లాలు గంజి వార్చే లోపల మొత్తం చెప్పగలదు. మన ఆశా కార్యకర్తలు ముప్ఫై ఏళ్ళు దాటినవారికి జబ్బుల ముప్పు అంచనా వేయడానికి నింపే సీబీఏసీ పత్రంలో కూడా దీనిలోని మొదటి రెండు ప్రశ్నలే పీహెచ్‌క్యూ-2 పేరుతో చేరాయి. కాబట్టి ఈ కాగితం బాగోగులు మా పరిశోధనకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. మన ఊళ్ళో ప్రతి ఇంటికీ సంబంధించినది.

ఇక లోపాల సంగతి. రెండో ప్రశ్నలో దిగులు, కుంగుబాటు, నిరాశ అన్న మూడు భావాలు కలిసి ఉన్నాయి. మా ప్రతిలో మూడో భావాన్ని "ఆశ లేకపోవడం" అని తెనిగించారు. ఒక లంక గ్రామంలో కొబ్బరి దింపు తీసే కార్మికుని ఇంట్లో, అరవై దాటిన ఆ పెద్దాయనను మా విద్యార్థిని "మీకు ఆశ లేనట్టు ఎన్ని రోజులు అనిపించింది తాతగారూ?" అని అడిగితే, ఆయన వెన్ను నిటారుగా చేసుకుని "నాకు ఆశ ఏనాడూ లేదమ్మా. ఉన్నదాంతో సరిపెట్టుకునే వంశం మాది, పరాయివాడి చెట్టు కింద రాలిన కాయ కూడా ముట్టం" అన్నాడు. విద్యార్థిని 3 వేసింది. నేను పక్కనే ఉండబట్టి ఆ 3 కొట్టేయించాను. ఆ రోజు నేను వెళ్ళకపోతే అది అలాగే ఉండిపోయేది. మన భాషలో ఆశ అంటే రేపటి మీద నమ్మకమూ ఔను, పరుల సొమ్ము మీద యావా ఔను. ఆ పెద్దాయన గర్వంగా చెప్పుకున్న సద్గుణం మా కాగితం మీద జబ్బు లక్షణంగా నమోదైంది. ఆ తరువాత మరో రెండు ఇళ్ళలో ఇలాంటి జవాబే వచ్చింది.

ఈ తప్పు ఎందుకు దొరకలేదో ఆలోచిస్తే సాధనాలను పరీక్షించే పద్ధతిలోనే ఒక కంత కనబడుతుంది. ప్రశ్నావళిని ఒక భాష నుంచి మరో భాషలోకి తెచ్చేటప్పుడు ఒకరు అనువదిస్తారు, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు, రెండు ఇంగ్లీషులూ పోల్చి తేడాలుంటే సరిదిద్దుతారు. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వివరించిన ఈ పద్ధతి నేటికీ అందరూ పాటించేదే, మా విద్యార్థినులకు నేను నేర్పేదీ అదే. కానీ "ఆశ" అన్న మాటను తిరిగి ఇంగ్లీషు చేసేవారు చదువుకున్నవారు. వారు అక్కడ నమ్మకం అన్న అర్థమే తీసుకుంటారు. రెండు ఇంగ్లీషులూ చక్కగా కలిసిపోతాయి. అనువాదం పాసవుతుంది, లోపం లోపలే ఉండిపోతుంది. దింపు కార్మికుని ఇంటి ముందు నిలబడి "ఈ ప్రశ్న మీకు ఏమని వినబడింది? మీ మాటల్లో నాకు మళ్ళీ చెప్పండి" అని అడిగితే తప్ప ఆ లోపం బయటపడదు. పరిశోధకులు దీన్నే కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. మేము పదిమంది దగ్గర కూర్చుని అలా అడగడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆ రెండు మధ్యాహ్నాలు మొదటే పెట్టి ఉంటే మొదటి ఏడాది నింపిన కాగితాల్లో చాలా భాగం పక్కన పడేయవలసిన అవసరం వచ్చేది కాదు. ఇప్పుడు మేము "ఇక బాగుపడేది లేదు అనిపించడం" అని అడుగుతున్నాం. ఇంతవరకు ఎవరూ పొరపాటుగా తీసుకోలేదు.

మొదటి ప్రశ్నలోని "ఆసక్తి, ఆనందం" కూడా పుస్తకాల మాటలే. మా వైపు జనం "దేని మీదా మనసు పోవట్లేదండి", "ఏ పనీ చెయ్యబుద్ధి కావట్లేదు" అంటారు. దిగులు కంటే "బెంగ" అన్న మాటకు ఇక్కడ బలం ఎక్కువ. తల్లి కువైట్ వెళితే పిల్లవాడు బెంగెట్టుకుంటాడు, దూడ చచ్చిపోతే ఆవు బెంగెట్టుకుంటుంది. అయితే బెంగకు ఎప్పుడూ ఒక కారణం, ఒక మనిషి ఉంటారు. కారణం తెలియని బరువును బెంగ అనరు. అందువల్ల ఆ మాట ఒక్కటే పెడితే కారణం లేకుండా కుంగినవారు జారిపోతారు. మేము "దిగులుగా గానీ, బెంగగా గానీ, ఊరికే మనసు బరువుగా గానీ" అని మూడూ చేర్చాం.

కాలం లెక్క ఇంతకంటే పెద్ద చిక్కు. "గడిచిన రెండు వారాల్లో సగానికి పైగా రోజులు" అన్న మాట ఆఫీసులో నెల జీతం తీసుకునేవారికి సులువు. లంకలో కొబ్బరాకు ఈనెలు తీస్తూ కూర్చున్న ఒక మామ్మగారు "సగమంటే ఎన్నే అమ్మాయ్? మేం వారాలూ నెలలూ లెక్కెట్టుకుంటామా?" అని మా విద్యార్థినిని సూటిగా అడిగింది. ఆవిడ లెక్క ఆవిడకు ఉంది. ఏకాదశి నుంచి ఏకాదశికి ఒక పక్షం; ఉపవాసం ఉండే మనిషి దాన్ని మరిచిపోదు. "పోయిన ఏకాదశి నుంచి నిన్నటి దాకా" అనేసరికి ఆవిడ ముఖంలో తేట వచ్చింది. రెండు వారాలకు పక్షం ఒక రోజు అటూ ఇటూ అవుతుంది నిజమే, కానీ ఊహించి చెప్పే పద్నాలుగు రోజుల కంటే గుర్తుపెట్టుకుని చెప్పే పదిహేను రోజులు నయం. ఉపవాసాలు లేని ఇళ్ళలో "రెండు సంతల కిందటి నుంచి" అని అడుగుతాం.

ఆ తరువాత ఆవిడ ముందు పద్నాలుగు చింతపిక్కలు పోసి, "నిద్ర పట్టని రాత్రి ఒక్కోదానికీ ఒక్కో పిక్క ఇటు తొయ్యండి మామ్మగారూ" అన్నాను. అంతకు ముందు కాగితం మీది ప్రశ్న అడిగినప్పుడు "రోజూ పట్టదమ్మా" అని చెప్పిన మనిషి, ఇప్పుడు ఒక్కొక్క పిక్క మీద వేలు పెట్టి ఆలోచించడం మొదలుపెట్టింది. ఇది సంత రోజు, కాళ్ళు పీకి పట్టలేదు. ఇది కరెంటు పోయిన రోజు, దోమలు. ఇది మనవడు ఫోన్ చేసిన రోజు. ఆ రాత్రి హాయిగా పడుకుంది. చివరికి తొమ్మిది పిక్కలు ఇటు, అయిదు అటు. కాగితం ప్రకారం 3, పిక్కల ప్రకారం 2. తేడా ఒక్క మార్కే, కానీ అలాంటి తేడాలు మూడు ప్రశ్నల్లో వస్తే 9 కాస్తా 12 అయి, మధ్యలో ఉన్న 10 అన్న గీత దాటిపోతుంది. పైగా ఆ తొమ్మిదిలో దోమల వల్ల పోయిన నిద్ర ఎంత, మనసు వల్ల పోయినది ఎంత అన్నది కూడా పిక్కల దగ్గరే తేలింది. మేము పెట్టుకున్న హద్దులు ఇవి: ఒకటి దాకా 0, రెండు నుంచి ఆరు దాకా 1, ఏడు నుంచి పదకొండు దాకా 2, పన్నెండు, ఆపైన అయితే 3. అసలు కాగితంలో ఇన్ని రోజులని అంకెలు లేవు కనుక ఈ హద్దులు మావి. మీరు వేరే హద్దులు పెట్టుకుంటే మన ఇద్దరి ఫలితాలను పోల్చకూడదు.

అడిగే తీరులో మరో చిక్కు ఉంది, అది గోదావరి జిల్లాలవారికి వెంటనే అర్థమవుతుంది. "ఆయ్" అన్న మాట. పెద్దవారు, చదువుకున్నవారు, తెల్లకోటు వేసుకున్నవారు ఏదైనా మాట్లాడుతుంటే మనవాళ్ళు "ఆయ్, ఆయ్" అంటూ వింటారు. అందులో ఒప్పుకోలు కంటే మర్యాద ఎక్కువ. కృష్ణా జిల్లా నుంచి వచ్చి మా దగ్గర చదువుతున్న ఒక విద్యార్థిని మొదటి వారం నింపిన కాగితాల్లో అన్ని ప్రశ్నలకూ 2, 3 మార్కులే ఉన్నాయి. ఆమెతో పాటు వెళ్ళి చూస్తే, ప్రశ్న చదవడం పూర్తికాక ముందే వినబడిన "ఆయ్"ను ఆమె జవాబుగా రాసుకుంటోంది. ఇంకా ఆందోళన కలిగించే సంగతి, ఆ కాగితాలను కంప్యూటరులో వేసి క్రోన్‌బాక్ ఆల్ఫా లెక్కిస్తే అంకె ఎంతో బాగుంది. 1951లో లీ క్రోన్‌బాక్ పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ లెక్క, ప్రశ్నలన్నీ ఒక్కతీరుగా నడుస్తున్నాయా అన్నది చెబుతుంది. ఒక్కొక్కరు అన్ని ప్రశ్నలకూ తమ తమ ఒకే స్థాయిలో "ఆయ్" అంటూ పోతే ప్రశ్నలు ఒక్కతీరుగానే నడుస్తాయి, ఆల్ఫా పెరుగుతుంది. ప్రాజెక్టు రిపోర్టుల్లో ఆల్ఫా ఒక్కటే చూపించి సాధనం నమ్మదగినదని రాసే అలవాటు మానుకోవాలని నా విద్యార్థులను నేను గట్టిగా కోరుతున్నాను. ఒకే సంభాషణను ఇద్దరు విడివిడిగా రాసుకుని పోల్చుకోండి. వారం తిరగకుండా మళ్ళీ వెళ్ళి అడగండి. అప్పుడు తెలుస్తుంది.

మళ్ళీ అడిగినప్పుడు అంకె మారితే సాధనం తప్పని కూడా అనుకోకూడదు. మొదటి ఏడాది మేము ఒక లంకలో అడిగి వచ్చిన వారానికి గోదావరికి వరద వచ్చింది. పశువులను ఏటిగట్టు మీదకు తోలుకుని, బియ్యం బస్తాలు అటక మీదకు ఎక్కించి, పడవ కోసం ఎదురుచూసిన ఇల్లాళ్ళను తరువాతి పక్షంలో అడిగితే మార్కులు పెరిగి ఉండటం సహజం. 2001 నాటి పరీక్షలో 48 గంటల్లోపు మళ్ళీ అడిగి, రెండు జవాబుల పొందిక 0.84 (1 అయితే పూర్తి పొందిక) అని చూపారు. అంత దగ్గరగా అడిగారు కాబట్టి బతుకు మారే వ్యవధి తక్కువ. మన దగ్గర రేవు దాటి రెండు రోజుల్లో రెండుసార్లు వెళ్ళడం కష్టమే, అయినా నెల తరువాత వెళ్ళి తేడా వస్తే ఆ తేడా కాగితానిదా, వరదదా అన్నది చెప్పలేం.

ఒళ్ళు చెప్పే మాటలకు ఈ కాగితంలో చోటు చాలదు. అలసట, నిద్ర, ఆకలి ఉన్నాయి. కానీ మా ఊళ్ళలో మనసు బాగోలేని మనిషి మొదట చెప్పేది గుండెదడ, ఒళ్ళంతా మంటలు, తలలో ఏదో పాకుతున్నట్టు ఉండటం, "ఆలోచనలు ఎక్కువైపోయాయండి" అన్న మాట. జింబాబ్వేలో విక్రమ్ పటేల్, ఆయన సహచరులు అక్కడి షోనా భాష మాట్లాడేవారి నోటి మాటలనే పోగుచేసి 14 ప్రశ్నల షోనా లక్షణాల ప్రశ్నావళిని తయారుచేసి 1997లో ప్రకటించారు. అక్కడ జనం తమ బాధకు పెట్టుకున్న పేరు "కుఫుంగిసిస". దాని అర్థం ఎక్కువ ఆలోచించడం. అది చదివినప్పుడు మా లంకల మాటే వినబడినట్టు అనిపించింది. ఇంగ్లీషు కాగితాన్ని తెలుగు చేయడం ఒక దారి; తెలుగు నోటి మాటల నుంచి కాగితం కట్టుకోవడం మరో దారి. రెండోది చేయగలిగిన విశ్వవిద్యాలయాలు మన రాష్ట్రంలో ఉన్నాయి. గోదావరి జిల్లాల యాసలో మొదలుపెట్టి ఒకటి కడితే మా కళాశాల ఊళ్ళు తిరగడానికి సిద్ధంగా ఉంది.

తొమ్మిదో ప్రశ్న దగ్గర అందరూ ఆగి చదవాలి. చనిపోతే బాగుండునన్న ఆలోచన గానీ, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గానీ వచ్చిందా అన్నది ఆ ప్రశ్న. మన పెద్దవాళ్ళు "దేవుడు తీసుకుపోతే బాగుణ్ణు" అన్న మాటను మోకాలి నొప్పికీ అంటారు, కోడలి మీద కోపానికీ అంటారు. అందుకని చాలామంది విద్యార్థినులు ఆ జవాబును తేలిగ్గా తీసుకుని 0 వేస్తారు. నేను అలా వేయనివ్వను. ఏ జవాబు వచ్చినా తరువాతి మాట అడగాలి: అది ఊరికే వచ్చిన మాటా, లేక ఏమైనా చేసుకుందామని అనిపించిందా? ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం మా వాళ్ళలో ఉండేది. అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి, మనిషి బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకోవడం నేను కళ్ళారా చూశాను. వినేవాళ్ళు ఎవరన్నది కూడా ముఖ్యం. ఒక ఇంట్లో అత్తగారు గుమ్మంలో నిలబడి ఉండగా అడిగినప్పుడు 0 చెప్పిన అమ్మాయి, నీళ్ళ బిందెతో కాలవ గట్టు దాకా మాతో నడిచి వచ్చి మాట మార్చింది. ఆ రోజు ఏఎన్ఎమ్ వచ్చేదాకా మేము ఆ ఊరు వదలలేదు. ప్రతి విద్యార్థిని సంచిలో ఇప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ-మానస్ నంబరు 14416 రాసిన చీటీలు ఉంటాయి. అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎవరికి అప్పగించాలో తెలియకుండా ఈ ప్రశ్నను అడగకూడదు. ఈ సూచన కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. మా ప్రతిలో లేదు.

యాప్ విషయం కూడా చెప్పాలి. ఒక ప్రైవేటు సంస్థ ప్రతినిధి మా కళాశాలకు వచ్చి ఇదే ప్రశ్నావళిని ట్యాబులో నడిపే యాప్ అంటగట్టారు. ఆ సంస్థ పేరు రాయను. కూడికలు అదే చేస్తుంది, ఫలితం రంగుల్లో చూపిస్తుంది, అంతవరకు సౌకర్యమే. కానీ ఎవరైనా జవాబు చెప్పకుండా వదిలేసిన ప్రశ్నకు అది నిశ్శబ్దంగా 0 వేసుకుంటుందని మాకు మూడు నెలల తరువాత, కాగితాలతో సరిచూసినప్పుడు తెలిసింది. ఎక్కువమంది వదిలేసేది తొమ్మిదో ప్రశ్న. చెప్పలేక మౌనంగా ఉన్నవారందరూ ఆ యాప్ లెక్కలో ఆరోగ్యవంతులయ్యారు. ఫిర్యాదు చేస్తే వచ్చే వెర్షన్‌లో చూస్తామన్నారు. మేము మళ్ళీ కాగితం, పెన్సిలు, చింతపిక్కలకే వచ్చాం. వాడేవారు ఏ యాప్ కొన్నా మొదటి రోజే ఒక ప్రశ్న కావాలని వదిలేసి ఏం లెక్క వేస్తుందో చూడండి.

ఫలితాన్ని ఎలా చదవాలన్నది కూడా కొందరు అధికారులు పొరబడే విషయం. 10 అన్న గీత దగ్గర, కుంగుబాటు ఉన్నవారిలో నూటికి 88 మందిని ఈ కాగితం పట్టుకుందనీ, లేనివారిలో నూటికి 88 మందిని సరిగ్గా వదిలిపెట్టిందనీ 2001 పరీక్ష చెప్పింది. వినడానికి గొప్పగా ఉంటుంది. ఒక ఊళ్ళో 1,000 మంది పెద్దవాళ్ళు ఉన్నారనీ, వారిలో నిజంగా కుంగుబాటు ఉన్నవారు 50 మంది అనీ అనుకుందాం. కాగితం ఆ 50లో 44 మందిని పట్టుకుంటుంది, ఆరుగురిని వదిలేస్తుంది. మిగిలిన 950 మందిలో నూటికి పన్నెండు చొప్పున 114 మంది కూడా గీత దాటుతారు. అంటే గీత దాటిన 158 మందిలో నిజంగా ఇబ్బంది ఉన్నవారు 44 మందే. ఈ లెక్క తెలియకుండా "మా మండలంలో ఇంత శాతం మందికి డిప్రెషన్" అని పత్రికలకు చెప్పడం ఆ 114 మందికి అన్యాయం. ఇది వడపోతకు పనికివచ్చే జల్లెడ. నిర్ధారణ చేయవలసినది మనిషితో కూర్చుని మాట్లాడే వైద్యులు.

మార్కులు వేయమంటే, ఈ సాధనానికి అయిదుకు నాలుగు వేస్తాను. మా చేతికి వచ్చిన తెలుగు ప్రతికి అయిదుకు రెండు. మేము మార్చుకున్న ప్రతి పైన ఇప్పుడు సంఖ్య, తేదీ, ఏ ఊళ్ళో ఎంతమందిని అడిగి ఏ మాట మార్చామో మూడు వరుసల్లో రాసి ఉంటుంది. పని మీద మనసు నిలవకపోవడం గురించి అడిగే ఏడో ప్రశ్నలో పేపరు చదవడం, టీవీ చూడటం పక్కన "బియ్యంలో రాళ్ళు ఏరుతున్నప్పుడు, డబ్బు లెక్కపెడుతున్నప్పుడు" అని చేర్చాం. చదువురాని ఇళ్ళలో అది బాగా పని చేస్తోంది. అడిగినవారికి జెరాక్సు ఖర్చు మాత్రమే తీసుకుని ఇస్తున్నాం.

ఎనిమిదో ప్రశ్న ఒక్కటే ఇంకా కుదరలేదు. ఇతరులు గమనించేంత మందకొడిగా కదలడమో, దానికి పూర్తి విరుద్ధంగా ఒక్కచోట నిలవలేకపోవడమో ఉందా అన్నది ఆ ప్రశ్న. రెండు ఎదురెదురు సంగతులు ఒకే వాక్యంలో ఉన్నాయి, "ఆయ్" అంటే దేనికి అన్నారో తెలియదు. రెండో సగానికి "కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారా" అని పెట్టి చూశాం. ప్రతి ఒక్కరికీ తక్షణం అర్థమైంది. కానీ ఒక నడివయసు ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని "మా ఆయన కూడా నన్ను అదే మాట అంటాడండి" అంది. ఆ మాటలో వెటకారం ఉందని మాకు అప్పుడు తట్టింది, మర్నాడే తీసేశాం. ఇప్పుడు "కాలు ఒకచోట నిలవట్లేదా" అన్నదీ, "కుదురుగా కూర్చోలేకపోతున్నారా" అన్నదీ రెండూ రాసుకుని, వచ్చే బుధవారం రేవు దాటి పది ఇళ్ళలో అడిగి రాబోతున్నాం.